వరదనేలపై సౌరక్షేత్రం: నెడుంబాశ్శేరి అనుభవం – ఒక చారిత్రక పరిశీలన

నగరపాలక సంస్థలు, ఇతర ప్రజాసంస్థలు సౌరవిద్యుత్ కేంద్రాలకు స్థలం ఎంపిక చేసేటప్పుడు తరచుగా వినిపించే మాట ‘ఖాళీ భూమి’. జనసమ్మర్దం గల ప్రాంతాల్లో పదుల ఎకరాల చదునైన నేల ఖాళీగా మిగిలి ఉండటానికి ఏదో ఒక కారణం ఉంటుంది. చాలా సందర్భాల్లో ఆ కారణం నీరే. ఏటి ఒడ్డు పల్లం, చెరువు శిఖం, వానాకాలంలో మునిగే మాగాణి – ఇళ్ళు కట్టుకోవడానికి జనం వెనుకాడిన నేలలే సౌరఫలకాలకు అనువైనవిగా కనిపిస్తాయి. కేరళలోని కొచ్చి అంతర్జాతీయ విమానాశ్రయ సౌరక్షేత్రం ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన ఉదాహరణ. అది పురపాలక నిర్మాణం కాదు. రాష్ట్ర ప్రభుత్వం ప్రధాన వాటాదారుగా ఉన్న సంస్థ నిర్మించినది. అయినా అది లేవనెత్తే ప్రశ్నలు పురపాలికలకూ వర్తిస్తాయి.

విమానాశ్రయం ఉన్న నెడుంబాశ్శేరి పెరియార్ నది మైదానంలోని పల్లపు ప్రాంతం. ఒకప్పుడు అవి వరిపొలాలు. ఆ నది వరదల చరిత్ర చిన్నది కాదు. 1341 నాటి మహావరద వల్ల ప్రాచీన ముజిరిస్ రేవు పూడిపోయి, కొచ్చి రేవు ప్రాధాన్యంలోకి వచ్చిందని చరిత్రకారులు సాధారణంగా భావిస్తారు. 1924 జులైలో వచ్చిన వరద మలయాళ శకం 1099లో సంభవించినందువల్ల ప్రజల వాడుకలో ‘తొంబై తొమ్మిది వరద’గా స్థిరపడింది. మున్నార్ ప్రాంతంలోని చిన్న రైలుమార్గం ఆ వరదలో కొట్టుకుపోయి మళ్ళీ రూపుదిద్దుకోలేదు. వరదలో ఇంటికప్పుపై మిగిలిపోయిన కుక్క కథగా తకళి శివశంకర పిళ్ళై రాసిన ‘వెళ్ళప్పొక్కత్తిల్’ మలయాళ పాఠకులకు సుపరిచితం. అంటే ఈ నేలకు వరద కొత్త కాదు, దాని జ్ఞాపకమూ లోపించలేదు. ఆ జ్ఞాపకం నిర్మాణ పటాల్లోకి ఎంతవరకు చేరిందన్నదే ప్రశ్న.

1994లో సంస్థ ఏర్పడింది. 1999 జూన్‌లో విమానాల రాకపోకలు మొదలయ్యాయి. రన్‌వే నిర్మాణం కోసం చెంగల్ తోడు అనే కాలువ సహజ మార్గాన్ని మళ్ళించారు. 2013లో పైకప్పులపై 100 కిలోవాట్ల ఫలకాలతో సౌరప్రయత్నం ఆరంభమైంది. 2015 ఆగస్టు 18న, సరుకుల రవాణా సముదాయం సమీపంలో సుమారు 45 ఎకరాల్లో, 46,150 ఫలకాలతో 12 మెగావాట్ల కేంద్రం ప్రారంభమైంది. పూర్తిగా సౌరశక్తితో నడిచే తొలి విమానాశ్రయంగా దానికి ప్రపంచఖ్యాతి వచ్చింది. ఫలకాల వరుసల మధ్య కూరగాయలు పండించారు. ఒకనాటి పొలానికి సాగు మరో రూపంలో తిరిగి వచ్చినట్లయింది.

2018 ఆగస్టు 9న ఇడుక్కి జలాశయపు చెరుతోణి ద్వారాలను 26 ఏళ్ళ తర్వాత తెరిచారు. 15వ తేదీన విమానాశ్రయం మూతపడింది. రన్‌వే, భవనాలు, సౌరక్షేత్రం ముంపునకు గురయ్యాయి. సుమారు 2.5 కిలోమీటర్ల మేర ప్రహరీ కూలింది. నష్టాన్ని 200 కోట్ల రూపాయలకు పైగా అంచనా వేశారు. 29న రాకపోకలు పునఃప్రారంభమయ్యాయి. సౌరశక్తి వినియోగానికి గాను ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ‘ఛాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్’ పురస్కారం ఆ సంస్థకు లభించింది కూడా ఆ సంవత్సరమే.

ఇక్కడ ఒక సాంకేతికాంశం గమనించదగినది. గాజు, రక్షణపొరల మధ్య బిగించిన సౌరఫలకం కొద్దికాలపు ముంపును తరచు తట్టుకోగలదు. దెబ్బతినేవి ప్రధానంగా ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, తీగల కూడళ్ళ పెట్టెలు. నీరు తీశాక కూడా తీగల అతుకుల్లో తేమ, బురద మిగులుతాయి. ఎండ తగిలితే చాలు ఫలకాల్లో విద్యుత్తు పుడుతుంది గనుక, మునిగిన క్షేత్రంలో అడుగుపెట్టడమే కార్మికులకు ప్రమాదం. కాబట్టి వరదనేలలో మొదట నిర్ణయించవలసింది ఫలకాల సంఖ్య కాదు, విద్యుత్ పరికరాలను ఎంత ఎత్తున నిలపాలన్నది. ఎత్తు పెరిగితే ఉక్కు ఖర్చు, గాలి ఒత్తిడి పెరుగుతాయి; పొదుపు కోసం ఎత్తు తగ్గించాలనే ఒత్తిడి అక్కడే మొదలవుతుంది. ఏటా నూటికి ఒక వంతు సంభావ్యత గల వరద, సౌరక్షేత్రపు 25 ఏళ్ళ ఆయుష్షులో ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 22 శాతం. ‘నూరేళ్ళకోసారి వచ్చే వరద’ అనే పేరు ఈ లెక్కను మరుగుపరుస్తుంది.

పరికరాల రక్షణ ఒక ఎత్తు, పొరుగు గ్రామాల రక్షణ మరొక ఎత్తు. స్తంభాలపై నిలిచిన ఫలకాలు నీటిని పెద్దగా అడ్డగించవు. నేలను మెరక చేయడం, ప్రహరీ కట్టడం, కాలువ మళ్ళించడం అడ్డగిస్తాయి. లోపలికి రాని నీరు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న ప్రహరీ అవతల ఉన్నవారిది. ప్రజాధనంతో నిర్మించే సంస్థ ఆ ప్రశ్నకు ముందుగానే సమాధానం చెప్పవలసి ఉంటుంది.

2019 ఆగస్టులో వరద వల్ల విమానాశ్రయం మళ్ళీ కొన్ని రోజులు మూతపడింది. ఆ తర్వాతి కాలంలో పరిసర కాలువలను బాగుచేసి నీటి దారులు తెరిచే పనులు చేపట్టారు. ఇంచుమించు ఇదే కాలంలో మహావిశాఖ నగరపాలక సంస్థ ముడసర్లోవ జలాశయంపై 2 మెగావాట్ల తేలియాడే సౌరకేంద్రాన్ని నెలకొల్పింది. నీటిమట్టంతో పాటు లేచి దిగే ఈ పద్ధతిలో వరదనేల సమస్య రూపమే వేరు. కొచ్చి సంస్థ తన మరో 12 మెగావాట్ల కేంద్రాన్ని 2022లో కన్నూర్ జిల్లా పయ్యన్నూర్ సమీపంలో ప్రారంభించింది. అక్కడ ఎంచుకున్నది ఎగుడుదిగుడు మెట్టనేల. దాన్ని చదును చేయకుండా, వాలును అనుసరించి ఫలకాలు అమర్చారు.