రత్నగిరిలో బర్మా రాజకుటుంబము

రాజ్యము గోల్పోయిన రాజును సముద్రము దాటించుట ఆంగ్లప్రభుత్వమునకు పరిపాటి. 1858లో ఢిల్లీ పాదుషా బహదూర్ షా జఫరును రంగూనుకు పంపిరి. 27 ఏండ్ల తరువాత బర్మా రాజైన థీబాను మన దేశమునకు తెచ్చిరి. ప్రవాసమున మనుష్యునకు ఇల్లెట్లు ఏర్పడునో తెలిసికొనుటకు ఈ రెండవ కథను మన మొకసారి స్మరింపవలెను.

1885 నవంబరులో మాండలే నగరము ఆంగ్లసైన్యమునకు లొంగెను. థీబాను, రాణులను, పసిబిడ్డలగు ఇద్దరు కుమార్తెలను ఓడ నెక్కించి మొదట చెన్నపట్టణమునకు చేర్చిరి. మూడవ కుమార్తె అచటనే జన్మించెను. 1886లో వారిని కొంకణతీరమందలి రత్నగిరికి తరలించిరి. నాల్గవ కుమార్తె పుట్టినది ఆ యూరనే. ఒక్క తల్లి బిడ్డలకే మూడు జన్మస్థలము లేర్పడినవి.

1910 ప్రాంతమున ప్రభుత్వము వారికి సముద్రము కనబడునట్లు పెద్ద మేడ కట్టించెను. ఆ మేడ నేటికిని నిలిచియున్నది. కాని భరణ మొకరి చేతిలో నుండగా, అనుమతి లేక ఊరు దాటరాని వానికి అది ఇల్లెట్లగును? 1916లో థీబా అచటనే మరణించెను. స్వదేశమున ఖననమునకైనను నోచుకొనలేదు; సమాధి రత్నగిరిలోనే వెలసెను.

రాణి సుపయాలాత్ 1919లో బర్మాకు మరలిపోయెను. కాని ఆమె చేరినది తానేలిన మాండలే కాదు, రంగూను. 1925లో మరణించువరకు అచటనే యుండెను. దేశము లభించినది గాని ఇల్లు లభింపలేదు.

పెద్ద కుమార్తె త్రోవ వేరు. రత్నగిరిలో తమ మేడకు కావలియున్న మహారాష్ట్రుని ఆమె వరించెను. వారి కొక బిడ్డ కలిగెను. తల్లితో బర్మాకు పోయియు ఆమె రత్నగిరికే తిరిగివచ్చి, లేమిలో బ్రతికి, 1947లో అచటనే కన్నుమూసెను. ఆమె కుమార్తె మరాఠీ పలుకుచు, ఆ యూరి సామాన్య గృహిణులలో నొకతెగా జీవించెను.

2016లో థీబా శతవర్ధంతికి ఆయన వంశీయులు బర్మానుండి వచ్చి సమాధికడ నివాళు లర్పించిరి. నూరేండ్లైనను వారు ఆ బంధమును మరువలేదు. అయితే రత్నగిరిని ఇల్లుగా జేసినది ప్రభుత్వము కట్టించిన మేడ కాదు. ఇరుగుపొరుగుతో పంచుకొన్న మాట, మనువు, కష్టసుఖములు. పరాయిచోట బ్రతుకు వెళ్ళదీయువారిని మనము చూచునప్పుడు, వారి కిచ్చిన నీడతోబాటు మన మిచ్చిన చుట్టరిక మెంతయో కూడ విచారించుకొనవలెను.