గాలికి ఎదురుగా కూర్చోవాలి

విన్నారా ఆ కూత? పది దాకా ఉన్నాయనుకుంటున్నారు కదా? రెండంటే రెండే ఉండొచ్చు నాయనా. గొంతు మార్చి మార్చి కూసి, పెద్ద గుంపున్నట్టు నమ్మిస్తాయి. తోడేలుకి చుట్టమైన ఈ కయోటీలంటే అంతే.

1970ల్లో నేను డాక్టరుగా ఈ వెస్ట్ టెక్సాస్‌కి వచ్చినప్పుడు శాన్ ఆంజెలో చుట్టుపక్కలంతా గొర్రెలూ, అంగోరా మేకలే. ఈతల కాలం వచ్చిందంటే ర్యాంచీవాళ్లకి కంటి మీద కునుకుండేది కాదు. గొర్రెపిల్లని గొంతు దగ్గర పట్టి చంపేది కయోటీ. మన అనంతపురంలో తోడేలు భయానికి కురుబలు మంద దగ్గరే పడుకోవడం చూసి పెరిగినవాణ్ణి. అందుకే పక్క ర్యాంచీ పెద్దాయన కయోటీ వేటకి రమ్మంటే కాదనలేదు.

ఆయన ముందుగా చూసేది తుపాకి కాదు, గాలి. చిటికెడు పౌడరు వదిలి ఎటు పోతోందో చూసేవాడు. పికప్‌ని గుట్ట చాటున ఆపేవాడు. తలుపు దబ్బున వేస్తే ఊరుకునేవాడు కాదు. గాలి ముఖానికి తగిలేలా నడిచిపోయి, పొద్దు వీపున పెట్టుకుని, మెస్కీట్ పొద ముందర నీడలో కూర్చునేవాళ్లం. పొద వెనక కూర్చుంటే చూడ్డానికి తలెత్తాలి. ఆ కదలిక చాలు, కొంప మునగడానికి.

అప్పుడు జేబులోంచి కాల్, అంటే జంతువు కూత పెట్టే పీక, తీసి ఊదేవాడు. టెక్సాస్‌లోని మార్బుల్ ఫాల్స్‌కి చెందిన బర్న్‌హామ్ అన్నదమ్ములు ఇలాంటి కాల్స్ అమ్మే పేరు తెచ్చుకున్నారు. దాంట్లోంచి వచ్చేది ప్రాణం పోతున్న చెవులపిల్లి అరుపు. దగ్గర్లో ఏదైనా ఉంటే బెదరకుండా మొదట మెల్లగా, తర్వాత గట్టిగా, మధ్యలో ఆపి ఆపి. ఇరవై నిమిషాలు రాయిలా కూర్చోవాలి. జనవరి చలికి ముక్కు కారుతున్నా చెయ్యి లేపకూడదు.

కయోటీ తిన్నగా రాదు. చుట్టు తిరిగి గాలివాలుకి చేరి, వాసన పట్టాకే నమ్ముతుంది. అందుకే రెండో మనిషిని ఆ పక్కకి కూర్చోబెట్టేవాడు. ఒకసారి నా ఎదురుగానే వచ్చి, ముందుకాలు ఒకటి లేపి, ముక్కు పైకెత్తి నిలబడింది. చెవుల అంచున నల్లటి వెంట్రుకలు కూడా కనిపించాయి. మా వాసన తగలగానే ఉరికింది. పెద్దాయన నోటితో కుక్కలా ఒక్కసారి మొరిగాడు. అది ఒక్క క్షణం ఆగి వెనక్కి చూసింది. ఆయన .222 రెమింగ్టన్‌కి ఆ క్షణం చాలు. దాని వెనకాల ఏముందో చూసుకోకుండా మాత్రం ఏనాడూ ట్రిగర్ నొక్కలేదు.

కయోటీలకి విషం ఎరలు పెట్టే రోజులూ ఉండేవి. వాటికి గద్దలూ, కుక్కలూ బలయ్యేవి. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఫెడరల్ భూముల్లో ఆ విషాలు ఆపించాడు, మంచి పని చేశాడు. వేటతో కయోటీలు అంతరించిపోవు. బాగా తగ్గిపోయిన చోట ఈతకి ఎక్కువ పిల్లల్ని కంటాయి. అందుకే తర్వాత్తర్వాత చాలామంది మందలో కాపలాకి గ్రేట్ పిరనీస్ కుక్కల్ని పెంచారు. నన్నడిగితే అదే మేలు. మందమీద పడే కయోటీనే వేటాడాలి, కనిపించిన ప్రతిదాన్నీ కాదు.

మీరూ వస్తానంటే నాకు సంతోషమే. కానీ 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. ముందు ఆ కోర్సు పూర్తిచేసి రండి.