బ్రూజ్ వెళ్తే ఆ తెల్లగోడల వాడ చూసి రండి

పిల్లలు జర్మనీలోనో, నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటుంటే చూసి రావడానికి వెళ్లే అమ్మలు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లు సెలవు రోజున తిప్పి చూపించే ఊళ్లలో బెల్జియంలోని బ్రూజ్ ఒకటి. బ్రస్సెల్స్ నుంచి రైల్లో గంట ప్రయాణం. కాలువల్లో పడవ షికారు, చాక్లెట్ కొట్లు, 366 మెట్ల గంటగోపురం ఎలాగూ చూపిస్తారు. పడవ ఎక్కండి. మోకాళ్లు సహకరిస్తే ఆ మెట్లూ ఎక్కండి. కానీ అదే ఊళ్లో ఆడవాళ్ల బతుకు చెప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. అవి చూడకుండా మాత్రం రాకండి.

ముందు ఊరి కథ రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1134లో వచ్చిన సముద్రపు పోటుకి తీరం కోసుకుపోయి, జ్విన్ అనే పాయ లోపలికి చొచ్చుకొచ్చింది. దాంతో బ్రూజ్‌కి ఓడల దారి దొరికింది. ఇంగ్లండు నుంచి ఉన్ని దిగేది, ఇక్కడ నేసిన బట్ట దేశదేశాలకు వెళ్లేది. ఇటలీ వర్తకులు ఇక్కడే కొట్లు పెట్టారు. వాన్ డెర్ బ్యూర్జె అనే కుటుంబం నడిపిన సత్రం దగ్గర వర్తకులు కలుసుకునేవారు. యూరప్‌లో స్టాక్ మార్కెట్‌ని ‘బోర్స్’ అనడం ఆ ఇంటిపేరు నుంచే వచ్చిందంటారు. 1500 నాటికి ఆ పాయ ఇసుక మేటలు వేసి పూడిపోయింది. వ్యాపారం ఆంట్వెర్ప్‌కి తరలిపోయింది. ఊరు పేదదైపోయింది. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత లేక అలాగే ఉంచేశారు. ఆ పేదరికం కాపాడిన ఊరికే 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది.

ఇక అసలు చోటు, బెగీన్‌హాఫ్. మూడు కమానుల చిన్న వంతెన దాటితే ఒక గుమ్మం వస్తుంది. లోపల చెట్లున్న పచ్చిక, దాని చుట్టూ తెల్లటి చిన్న చిన్న ఇళ్లు. 1245లో ఫ్లాండర్స్‌ని ఏలిన కౌంటెస్ మార్గరెట్ దీన్ని నెలకొల్పింది. స్థాపించినదీ ఆడదే, ఉన్నదీ ఆడవాళ్లే.

ఆ రోజుల్లో ఆడపిల్లకి రెండే దారులు: పెళ్లి, కాకపోతే మఠం. మఠంలో చేరాలన్నా కట్నం లాంటి సొమ్ము తీసుకెళ్లాలి. అదీ లేనివాళ్లూ, పెళ్లి వద్దనుకున్నవాళ్లూ, భర్త పోయినవాళ్లూ ఎక్కడికి పోతారు? అలాంటివాళ్లు కలిసి బతకడం మొదలుపెట్టారు. వాళ్లనే బెగీన్లు అన్నారు. వాళ్లు దైవచింతనలో ఉండేవారు కానీ జీవితాంతపు సన్యాస దీక్ష పుచ్చుకోలేదు. అక్కడ ఉన్నంతకాలం బ్రహ్మచర్యం పాటిస్తే చాలు. పెళ్లి చేసుకోవాలనుకుంటే వెళ్లిపోవచ్చు. తమ ఆస్తి తమదే. ఉన్ని పని, బట్టలుతకడం, రోగులకు సేవ చేయడం, పిల్లలకు చదువు చెప్పడం ఇలా ఏదో ఒక పని చేసి తమ తిండి తామే సంపాదించుకునేవారు. తమ పెద్దను తామే ఎన్నుకునేవారు.

ఇంత స్వేచ్ఛని పెద్దలు ఊరికే ఓర్చుకున్నారనుకోకండి. బెగీన్‌గా చెప్పుకునే మార్గరెట్ పోరెట్ అనే ఆవిడ దేవుణ్ణి గురించి సొంతంగా పుస్తకం రాసి, దాన్ని వెనక్కి తీసుకోనన్నందుకు 1310లో పారిస్‌లో సజీవదహనం చేశారు. ఆ తర్వాత ఒకటి రెండేళ్లకే వియెన్‌లో జరిగిన మతసభ బెగీన్ల జీవనవిధానాన్నే ఖండించింది. ఫ్లాండర్స్‌లో మాత్రం పాలకుల అండతో, గోడల మధ్య ఈ వాడలు నిలిచాయి. సాయంత్రమైతే గుమ్మం మూసేసేవారు. ఆ గోడ వాళ్లని కాపాడింది, కట్టడీ చేసింది. రెండూ నిజమే. అయినా మొగుడి పేరూ తండ్రి పేరూ అడ్డం లేకుండా ఒక ఆడది తన సంపాదనతో తన గదిలో నిద్రపోగలిగిన చోటు, ఆ కాలంలో ఎన్ని ఉండి ఉంటాయి?

ఇప్పుడు అక్కడ బెగీన్లు లేరు. 1927 నుంచి బెనెడిక్టైన్ సన్యాసినులు ఉంటున్నారు. బెల్జియంలోనే కోర్ట్రైక్ అనే ఊళ్లో ఉన్న చిట్టచివరి బెగీన్ మార్సెల్లా పట్టైన్ 2013లో 92 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆవిడకి చూపు దాదాపు లేదు. అందుకని మఠాలు చేర్చుకోకపోతే బెగీన్ల వాడ చేర్చుకుంది.

అక్కడి నుంచి కాస్త నడిస్తే సెయింట్ జాన్ ఆసుపత్రి వస్తుంది. పన్నెండో శతాబ్దం నుంచీ సన్యాసినులూ సన్యాసులూ యాత్రికులకీ రోగులకీ సేవ చేసిన చోటు. ఇప్పుడు మ్యూజియం, మెమ్లింగ్ చిత్రాలు అక్కడే ఉన్నాయి. ఎదురుగా ఉన్న అవర్ లేడీ చర్చిలో మైకెలాంజిలో చెక్కిన పాలరాతి తల్లీబిడ్డల దగ్గరే అందరూ గుమిగూడతారు. మీరు లోపల మేరీ ఆఫ్ బర్గండీ సమాధి కూడా చూడండి. ఇరవయ్యేళ్లు నిండకుండానే తండ్రి యుద్ధంలో పోతే రాజ్యభారం మోసింది. 1482లో వేటలో గుర్రం మీద నుంచి పడి పాతికేళ్లకే పోయింది.

చివరగా లేసు. బాల్‌స్ట్రాట్ అనే వీధిలో లేసు కేంద్రం ఉంది. దిండు మీద గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ పదుల కొద్దీ చెక్క కండెలు అటూ ఇటూ మారుస్తూ అల్లుతారు. వస్త్ర వ్యాపారం పోయాక ఈ ఊరి పేదింటి ఆడపిల్లల్ని బతికించింది ఈ పనే. బడుల్లో నేర్పేవారు. ఇంట్లో కూర్చుని అల్లితే దళారీ ఇచ్చిందే కూలి.

ఈ మాట మన నరసాపురానికీ వర్తిస్తుంది. మనవాళ్లది కండెల లేసు కాదు, క్రోషే సూదితో అల్లేది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి తీరాన నేర్పారు. అల్లినది విదేశాలకు వెళ్తుంది, అల్లిన చేతికి మిగిలేది కొంచెమే. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో నరసాపురం లేసు కార్మికుల మీద ఒక పుస్తకమే తెచ్చింది. రోజంతా అల్లే ఆడవాళ్లని కూడా ‘గృహిణులే కదా, తీరికవేళ చేసుకునే పని’ అని తీసిపారేయడం వల్లే కూలి పెరగదని అందులో చూపించింది.

బ్రూజ్ అంగళ్లలో లేసు కొనేటప్పుడు చేతిదో యంత్రానిదో అడగండి. చాలావరకు యంత్రాలవే. చేతిదైతే ధర చూసి గుండె గుభేలుమంటుంది. బేరం ఆడాలనిపిస్తే ఒక్క నిమిషం ఆగి, అరచేతంత ముక్కకి ఎన్ని గంటలు పట్టిందో అడిగి తెలుసుకోండి.