వెళ్లేటప్పుడు ఎనిమిది, వచ్చేటప్పుడు ఏడు

లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయానికి దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. ఎటు నుంచి కొలిచినా అంతే. టికెట్ మీద మాత్రం వెళ్లడానికి దాదాపు ఎనిమిది గంటలు, తిరిగి రావడానికి ఏడు గంటలు ఉంటుంది. ఈ గంట తేడా గాలి పెట్టింది. విమానయానం మొదలైన నాటి నుంచీ ఇదే వరస.

1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనే బ్రిటిష్ వైమానికులు ఎక్కడా ఆగకుండా తొలిసారి విమానంలో అట్లాంటిక్ దాటారు. న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్‌లో లేచి, సుమారు 16 గంటల్లో ఐర్లండ్‌లోని క్లిఫ్డెన్ చేరారు. పైనుంచి పచ్చికలా కనిపించిన చోటు తీరా దిగాక బురదనేల అని తేలింది. విమానం ముక్కు అందులో కూరుకుపోయింది. మనుషులు మాత్రం క్షేమంగా బయటపడ్డారు.

వాళ్లకు పడమటి గాలి తోడొచ్చింది. అదే గాలికి ఎదురెళ్లి, ఆగకుండా దాటడం 1928 ఏప్రిల్ దాకా ఏ విమానం వల్లా కాలేదు. అప్పుడు ఐర్లండ్‌లో బయల్దేరిన 'బ్రెమెన్' అనే విమానం 36 గంటలకు పైగా ఎగిరింది. న్యూయార్క్ చేరాల్సింది కాస్తా కెనడా తీరంలోని గ్రీన్లీ దీవిలో దిగింది.

బాగా ఎత్తున ఈ గాలి ఇంకా ఉద్ధృతంగా ఉంటుందని 1920లలోనే జపాన్ శాస్త్రవేత్త ఓయిషి వసబురో బెలూన్లు ఎగరేసి కనిపెట్టాడు. ఆ సంగతిని ఎస్పెరాంటో భాషలో ప్రచురించడంతో బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్లకు అది స్వయంగా అనుభవమైంది. నేడు జెట్ స్ట్రీమ్ అంటున్నది దాన్నే.

1958 అక్టోబర్ 4న కామెట్ విమానాలతో అట్లాంటిక్ మీద జెట్ సర్వీసు మొదలైంది. న్యూయార్క్ నుంచి లండన్‌కు ఒక విమానం ఆరు గంటల పైచిలుకులో వచ్చేసింది. ఎదురు దిశలో వెళ్లిన విమానానికి న్యూఫౌండ్‌లాండ్‌లోని గాండర్‌లో ఇంధనం నింపుకోవడంతో కలిపి పది గంటలు దాటింది.

గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అతి దగ్గరి దారి తెలుస్తుంది. విమానాలు కచ్చితంగా ఆ దారినే పోవు. ఏ రోజు గాలిని బట్టి ఆ రోజు అట్లాంటిక్ మీద దారులు నిర్ణయిస్తారు. తూర్పుకు వచ్చేవి గాలిని వెతుక్కుంటాయి, పడమటికి పోయేవి తప్పించుకుంటాయి. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి అందుకున్న ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చింది. ధ్వనిని మించిన వేగంతో పోయే కాంకార్డ్ 1996లో ఇదే దారిని మూడు గంటల లోపే ముగించింది.

టికెట్ మీది సమయం గాల్లో ఎగిరే సమయం ఒక్కటే కాదు. గేటు దగ్గర విమానం కదిలింది మొదలు అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్కే. రన్‌వే కోసం ఎదురుచూపూ అందులోదే. ఎదురుగాలి పెరిగితే ఆ సమయమూ దాటిపోవచ్చు. కాబట్టి యూరప్ మీదుగా అమెరికా వెళ్లేవారు, ముఖ్యంగా ఆ గాలి బలంగా ఉండే చలికాలంలో, అమెరికాలో మరో విమానం మారాల్సి ఉంటే మధ్యలో కాస్త ఎక్కువ వ్యవధి ఉండేలా టికెట్ తీసుకోండి.