గద్దర్ క్యాసెట్ మీద నా ఎక్కాలు

ఈ ఎపిసోడ్‌లో చార్మినార్ లేదు, నిజాం నగలు లేవు. ఒక క్యాసెట్ ఉంది, అంతే. కెమెరాకి దగ్గరగా పెడతా, కవర్ మీద ఏం రాసుందో చూడండి: మంగళహారతులు. మా డాడీ చేతిరాత. లోపల ఉన్నది మాత్రం గద్దర్.

మాది లాల్ దర్వాజా. ఇల్లు సున్నం వేయిద్దామని సామాన్లు దించుతుంటే అటక మీద రేకు పెట్టె దొరికింది. అందులో పదకొండు క్యాసెట్లు, అన్నిటి మీదా దేవుడి పేర్లే. ఇదేంది డాడీ అని అడిగితే, "అప్పట్ల గా పేరు రాసి ఇంట్ల పెట్టుకుంటే ఊకుంటరా" అన్నారు. అంతకుమించి చెప్పలేదు.

నాకు తెలిసిన గద్దర్ వేరు. 2011లో నేను హైస్కూల్‌లో ఉన్నా. 'జై బోలో తెలంగాణ' సినిమా వచ్చింది, 'పొడుస్తున్న పొద్దు మీద' ప్రతి ర్యాలీలో, ప్రతి ఆటోలో మోగేది. మాకది డీజే పాట. దాని వెనక నలభై ఏళ్ల పని ఉందని నాకేం తెలుసు!

ఆ పని సంగతి చెప్తా. అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు, ఊరు తూప్రాన్. ఉస్మానియాలో ఇంజనీరింగ్‌లో చేరారు. (మనోడే అన్నమాట, ఫీల్డ్ మారినోడు.) తర్వాత కెనరా బ్యాంకులో ఉద్యోగం, అదీ వదిలేశారు. గద్దర్ అనే పేరు బ్రిటిష్ వాళ్ల మీద పోరాడిన గదర్ పార్టీ నుంచి తీసుకున్నది. డెబ్భైల్లో జన నాట్యమండలి మొదలైంది. గోచి, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. బుర్రకథ, ఒగ్గుకథ, పొలాల్లో పాడుకునే బాణీలు, జనానికి ముందే తెలిసిన రాగాల్లో కొత్త మాటలు పెట్టారు. అందుకే ఒక్కసారి వింటే నోటికొచ్చేది. 1985లో అజ్ఞాతంలోకి వెళ్లారు. 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చి నిజాం కాలేజీ గ్రౌండ్‌లో పాడితే రెండు లక్షల మంది వచ్చారంటారు.

మనిషి దొరకని ఆ ఐదేళ్లూ పాట ఎట్లా తిరిగింది? క్యాసెట్‌లో. రేడియో ఆయన్ని పాడనివ్వదు, కానీ రెండు టేప్‌రికార్డర్లుంటే ఎవడైనా కాపీ కొట్టొచ్చు. వైఫై లేని షేర్ బటన్ అనుకోండి. చిలీలో విక్టర్ హారా అనే గాయకుణ్ని 1973లో సైన్యం చంపేసినప్పుడు, ఆయన భార్య జోన్ ఆ టేపులు దేశం దాటించింది. అట్లనే బతికాయి ఆ పాటలు.

సరే, జుమ్మేరాత్ బజార్‌లో బేరమాడి ఒక పాత ప్లేయర్ కొన్నా. కొత్త రబ్బర్ బెల్ట్ వేయించి, వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఆడాసిటీలో రికార్డ్ పెట్టా. డాడీ పక్కన కుర్చీలో కూర్చున్నారు.

బుస్‌మనే సౌండ్, డప్పు, తర్వాత గొంతు. నేను ఊహించింది అరుపు. కానీ ఆయన చాలాసేపు మాట్లాడతారు. పాట ఆపి జనంతో ముచ్చట పెడతారు, నవ్విస్తారు, ఆ నవ్వు ఆగకముందే మళ్లీ రాగం ఎత్తుకుంటారు. వెనకాల ఎవరో దగ్గుతున్నారు, చిన్నపిల్ల ఏడుస్తోంది. 'మా భూమి' సినిమాలో ఆయన పాడి కనిపించిన పాట, నిజాం కాలంలో బండి యాదగిరి కట్టింది, అదీ ఉంది. మా ఇంటి నుంచి చౌమహల్లా ప్యాలెస్‌కి అర్ధగంట నడక కూడా లేదు. ఇక్కడ కూర్చుని ఆ పాట వింటుంటే ఎట్లుంటదో ఓల్డ్ సిటీ వాళ్లకే అర్థమవుతుంది.

బి సైడ్ తిప్పాం. మూడు నిమిషాలు పాట నడిచింది. టక్‌మని ఆగింది. తర్వాత ఒక పిల్లాడి గొంతు: రెండొకట్ల రెండు, రెండ్రెళ్ల నాలుగు...

అది నేను.

క్యాసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని విరిస్తే రికార్డ్ బటన్ నొక్కుకోదు. డాడీ విరిచారు. ఆరేళ్ల వయసులో నేను ఆ సందులో కాగితం కుక్కి నా గొంతు రికార్డ్ చేసుకున్నా. ఇరవయ్యో ఎక్కం దాకా! కొత్త సౌండ్ ఎక్కేముందు ఎరేజ్ హెడ్ పాతదాన్ని పూర్తిగా తుడిచేస్తుంది. రీసైకిల్ బిన్ లేదు, బ్యాకప్ లేదు. యూట్యూబ్‌లో ఆ పాట దొరుకుతుంది, నిజమే. కానీ ఆ రాత్రి ఆ సభలో పాడింది, ఆ దగ్గు, ఆ ముచ్చట ఇంకెక్కడా దొరకవు.

"నీకు తెల్సా డాడీ?" అన్నా.

"ఆ దినమే తెల్సు. నువ్వు మంచిగ సదివినవ్ అని ఊకున్న."

1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి, ఒక బుల్లెట్ చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. నేను పుట్టింది ఆ ఏడే. 2018లో మొదటిసారి ఓటేశారు, తర్వాత సొంత పార్టీ ప్రకటించారు. దీని మీద కామెంట్లలో గొడవ పడతారని తెలుసు, పడండి. నా మటుకు, ఆయన మారడం తప్పు కాదు, కానీ తొలి రోజుల పాటలు విన్నాక చివరి రోజుల స్పీచ్‌లు వింటే మనసుకు కొంచెం కష్టంగానే ఉంటది. 2023 ఆగస్టు 6న పోయారు. మర్నాడు అల్వాల్‌లో అంత్యక్రియల జనంలో ఆయన దోస్త్, సియాసత్ పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ కూడా గుండె ఆగి చనిపోయారు. ఉర్దూ పత్రిక నడిపే మనిషి, తెలుగు పాట కట్టే మనిషి. ఆ స్నేహం మీద వేరే ఎపిసోడ్ చేస్తా.

పదకొండులో ఏడు క్యాసెట్లు ఫైల్స్ అయ్యాయి. రెండిట్లో టేప్ బూజు పట్టింది, ముట్టుకోలేదు. మీ ఇళ్లల్లో ఉంటే నేరుగా ప్లేయర్‌లో వేయకండి, ముందు కిటికీలోంచి టేప్ చూడండి, తెల్లగా పొడి కనిపిస్తే ఆపేయండి.

ఆగిపోయిన పాట మిగతాది డాడీకి గుర్తుందేమో అని ఫోన్ ముందు పెట్టా. మూడు చరణాలు పాడారు. నాలుగోది రాలేదు. యూట్యూబ్‌లో చూసి చెప్తానంటే, "వద్దు, ఆ దినం ఆయన వేరే పాడిండు" అన్నారు. రెండ్రోజులుగా గుర్తు చేసుకుంటున్నారు.