నీమ్ పట్టణపు చతురస్రగృహము: శాసనోద్ధరణము

ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున నీమ్ అను పట్టణము గలదు. రోమకులు దీనిని నెమౌసస్ అని వ్యవహరించిరి. వారి కాలమున ఫోరమ్, అనగా పురసభాప్రాంగణము, ఉండిన చోటనే నేడొక చత్వరము గలదు. అందొక రోమక దేవాలయము గోడలతో, స్తంభములతో, ముఖమండపముతో దాదాపు చెక్కుచెదరక నిలిచియున్నది. జనులు దానిని మేజోన్ కారే యందురు. చతురస్రగృహ మని యర్థము. ఇది యెవరి కొఱకు, ఎప్పుడు అర్పింపబడిన దను విషయము చిరకాలము వివాదగ్రస్తమై యుండెను. తుదకు నిర్ణయాధారమైనవి రాతియందలి రంధ్రములు.

మొదట నామమే శంకకు తావిచ్చును. కట్టడపు పొడవు సుమారు 26 మీటర్లు, వెడల్పు సుమారు 13½ మీటర్లు. ఇట్టి దానికి చతురస్రత్వ మెట్లు? పూర్వపు ఫ్రెంచి వాడుకలో కారే శబ్దము నాలుగు లంబకోణములు గల యాకృతి కెల్ల చెల్లుచుండెను. శుల్బసూత్రములందును సమచతురస్రము, దీర్ఘచతురస్రము అను భేద మున్నను చతురస్రశబ్దము రెంటికిని సామాన్యము. కావున నామము సాధువే.

ఆలయ మున్నతమైన యధిష్ఠానముపై నున్నది. 15 మెట్లెక్కి ముఖమండపము చేరవలెను. స్తంభములు 30. అందు 10 మండపమున విడిగా నున్నవి. తక్కిన 20 గర్భగృహపు గోడలలో సగము లీనమై యున్నవి.

హాడ్రియను చక్రవర్తి ప్లోటీనా రాణి గౌరవార్థము నెమౌసస్‌లో బాసిలికా యను సభాభవనము కట్టించె నని ప్రాచీనచరిత్ర చెప్పుచున్నది. దానిని బట్టి యిది యా భవనమే యని పూర్వులు కొందఱు తలచిరి. అట్లైనచో దీని కాలము క్రీ.శ. 2వ శతాబ్ద మగును.

1758లో నా పట్టణవాసియే యగు జాన్ ఫ్రాంస్వా సెగియే (1703–1784) ఈ శంకను తీర్చెను. ఈతడు వృక్షశాస్త్రమునందును శాసనవిద్యయందును నిపుణుడు. ఆలయముఖమున పూర్వ మొక శాసన ముండెను. దాని యక్షరములు రాతిలో చెక్కబడినవి గావు. కంచుతో చేయబడి, వెనుకనున్న కీలములతో రాతికి బిగింపబడినవి. అక్షరములు పోయెను, రంధ్రములు మిగిలెను. అక్షరపు టాకారమును బట్టి కీలముల యమరిక యుండును గనుక రంధ్రములను బట్టి యక్షరము నూహింపవచ్చును. అయినను ఒకే యమరిక రెండు మూడక్షరములకు సరిపడవచ్చును. అట్టిచోట రోమక శాసనసంప్రదాయము, వాక్యాన్వయము నిర్ణాయకము లయ్యెను.

సెగియే పాఠము ననుసరించి ఆలయము అగస్టస్ చక్రవర్తి దత్తపుత్రులగు గాయస్, లూసియస్ అను వారి కంకితము. గాయస్ కాన్సలు పదవి వహించినవాడుగను, లూసియస్ దాని కెన్నుకోబడినవాడుగను పేర్కొనబడిరి. గాయస్ కాన్సలైనది క్రీ.శ. 1లో, లూసియస్ క్రీ.శ. 2లోను, గాయస్ క్రీ.శ. 4లోను మరణించిరి. కావున అంకితము క్రీస్తుశకారంభకాలపు దని తేలుచున్నది.

ఇక్కడ విభక్తి గమనింపదగినది. ఆ పేర్లు లాటిను చతుర్థియందున్నవి. అనగా వారు సంప్రదానము, కర్తలు గారు. అగస్టస్ అల్లుడును వీరి జనకుడును నగు అగ్రిప్ప కట్టించె నని తెలుపు పూర్వశాసన మొకటి యుండె నని 20వ శతాబ్దమున కొందఱు వాదించిరి. కాని రంధ్రములను మరల పరీక్షించిన ఆమీ, గ్రో అను విద్వాంసుల గ్రంథము (1979) సెగియే పాఠమునే బలపఱచినది. కట్టించిన వా రెవ రనుట వేఱు ప్రశ్న. చతుర్థ్యంతపదముల నుండి కర్తను రాబట్టుట యుక్తము గాదు.

ఆలయము నిలుచుటకు కారణ మది యెన్నడును నిరుపయోగము గాకుండుటయే. మధ్యయుగమున పురపాలకుల సభాగృహ మయ్యెను; పిదప గృహము, గుఱ్ఱపుశాల, 17వ శతాబ్దమున అగస్టీనియ సన్యాసుల దేవళము, ఫ్రెంచి విప్లవానంతరము కార్యస్థానము, 1823 నుండి ప్రదర్శనశాల యయ్యెను. 2023లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చినది.

ప్రత్యయము లోపించినను తన్నిమిత్తకార్యము నిలుచు నని వైయాకరణులు చెప్పుదురు. ఈ శాసనమున లోపించిన యక్షరములు సయితము తమ స్థానములచేతనే తెలియవచ్చినవి. ఆ రంధ్రములను నిరర్థకము లని యెవరైనను పూడ్చి యుండినచో ఆలయము నిలిచియు మూగ యగును. కావున జీర్ణోద్ధరణ చేయువారు రాతిపై నర్థము గాని చిహ్నమును చెఱుపక విడుచుట మేలు.