పిడికిట్లో పట్టే పిస్తోలు

కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయి, మందు సీసా మూత తియ్యడానికి మనవణ్ని కేకేసే మనిషి పిస్తోలు పేల్చగలడా? మామూలు పిస్తోలైతే కష్టం. ముందు పైనున్న స్లైడును గట్టిగా వెనక్కి లాగి వదలాలి, దానికి రెండు చేతుల్లోనూ పట్టుండాలి. తర్వాత చూపుడువేలితో ట్రిగ్గరు నొక్కుతూ, గురి చెదరకుండా మణికట్టు బిగబట్టాలి. పేలాక వెనక్కి తన్నే తన్ను కాచుకోవాలి. డెబ్బై దాటిన చేతికి ఇందులో ఏ ఒక్కటీ తేలిక కాదు.

ఈ చిక్కు తీరుస్తామంటూ 2008లో అమెరికాలోని న్యూజెర్సీ నుంచి కాన్‌స్టిట్యూషన్ ఆర్మ్స్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. దాని అధిపతి మాథ్యూ కార్మెల్. వాళ్ల పామ్ పిస్టల్ పిస్తోలులా ఉండదు. పిడికిట్లో పెట్టుకుని గుప్పిట మూస్తే వేళ్ల సందులోంచి బ్యారెల్ మాత్రం ముందుకు పొడుచుకొస్తుంది. చూపుడువేలితో పనిలేదు, పైనున్న మీటను బొటనవేలితో నొక్కితే చాలు. కుడిచేతి వాటమైనా ఎడమచేతి వాటమైనా ఒకటే. తూటా 9 మిల్లీమీటర్లది, అదీ ఒక్కటే.

అసలు విశేషం ఆ తర్వాతది. ఆ కంపెనీ తన పిస్తోలును అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర వైద్య పరికరంగా నమోదు చేయించింది. ఊతకర్రల వంటి సాయపు సాధనాల వరసలో తుపాకీ! డాక్టరు చీటీ రాస్తే ప్రభుత్వ ఆరోగ్య బీమా సొమ్ముతో కొనుక్కోవచ్చన్నది వాళ్ల ఆశ. పత్రికల్లో గోల పుట్టాక ఆ సంస్థ ఇది వైద్య పరికరం కాదని నమోదు కొట్టేసింది. నవ్వొచ్చే కథే గానీ, అడిగినవాళ్ల వాదన మరీ పనికిమాలినదేం కాదు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికీ ప్రాణం తీపే. నా అనుమానం ఒక్కటే. గురి తప్పితే రెండో తూటా ఎక్కించాల్సింది కూడా ఆ వంకర వేళ్లే కదా.

కార్మెల్ ఆలోచన కొత్తదేం కాదు. పారిస్‌లో జాక్ త్యుర్బియో అనే ఆయన 1882లోనే ఇలాంటిది తయారుచేశాడు. 1883లో అమెరికా పేటెంటు కూడా తీసుకున్నాడు. గుండ్రటి బిళ్లలాంటి డబ్బా, అందులో చక్రం, చక్రంలో ఆకుల్లా చుట్టూ పేర్చిన చిన్న తూటాలు. డబ్బా వెనక వైపు ఒక మీట అరచేతి మొదట్లో ఆనుకుంటుంది. గుప్పిట బిగిస్తే మీట లోపలికి పోతుంది, చక్రం తిరుగుతుంది, తూటా పేలుతుంది. దాని పేరు ప్రొటెక్టర్. చేతిలో ఉన్నా అది పిస్తోలని ఎదుటివాడికి పోల్చుకోవడం కష్టం. అప్పట్లో అమ్ముడుపోయిన గుణం అదే. ముసలివాళ్ల ఊసు అందులో లేదు, జేబులో దాచుకోవడమే అసలు సంగతి.

అమెరికాలో ముందు మినియాపోలిస్ కంపెనీ దీన్ని చేసింది. తర్వాత పీటర్ ఫిన్నెగన్ అనే వ్యాపారి హక్కులు సంపాదించి, 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో అమ్ముకుందామని ఏమ్స్ కత్తుల కంపెనీకి పెద్ద ఆర్డరిచ్చాడు. సరుకంతా వేళకి అందలేదు. ప్రదర్శనకు బదులు వ్యవహారం కోర్టుకెక్కింది.

ఆ రోజుల్లోనే ఫ్రాన్సులో సైకిలు తొక్కేవాళ్ల కోసం వెలో-డాగ్ అనే బుల్లి రివాల్వరు వచ్చింది. వెంటపడే కుక్కల కోసం! కుక్క చావకుండా బెదరడానికి సీసం బదులు కారప్పొడి, మైనం నింపిన తూటాలు కూడా అమ్మేవారట. అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ అంతకు ముందే, 1858 నాటి పేటెంటుతో, చేతికర్రలో దాగిన తుపాకీ చేసింది. పైకి చూస్తే పెద్దమనిషి కర్రే.

ఇక మన సంగతి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో శ్వేతపుష్కరిణి దగ్గర పితృకార్యాలకు వచ్చేవాళ్లలో సగానికి పైగా పెద్దవాళ్లే అనిపిస్తుంది. చేతిలో కర్ర, భుజాన సంచి. వాళ్లలో ఒక ముసలమ్మను ఆపి పిస్తోలు కొనుక్కుంటావా అమ్మా అని అడిగితే, ‘తుపాకీ ఎందుకు బావూ, కుక్కలకి కర్ర సాల్దేటి?’ అంటుంది. అదే జిల్లాలో ఉద్దానం వైపు వెళ్తే ఆ కర్రకు మరో పని పడుతుంది. జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడికి ఒక మనిషి ప్రాణమే పోయింది. అలాంటి చోట పిడికిలి పిస్తోలు ఉన్నా పనికొచ్చేది కాదు.

మన దగ్గర చేతికి తేలికైన తుపాకీ ఆలోచన ఆడవాళ్ల వైపు నుంచి మొదలైంది. 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం నిర్భీక్ అనే రివాల్వరు తెచ్చింది. టైటానియం మిశ్రమ లోహంతో చేసిన .32 బోరు, బరువు అరకిలో, అప్పటి ధర లక్షా 22 వేల పైచిలుకు. అంత డబ్బు పెట్టగలిగే ఆడది కారులోనే తిరుగుతుంది గదా అన్న విసుర్లూ వినపడ్డాయి. తర్వాత ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నిడర్ పేరుతో .22 బోరు రివాల్వరు చేసింది, బరువు పావుకిలో. ఆ ఇచ్ఛాపూర్ బెంగాల్లోది, మన ఇచ్ఛాపురం అనుకునేరు. బరువు తగ్గితే మోయడం తేలికే, కానీ అదే తూటాకు తన్ను పెరుగుతుంది. చెయ్యి బలహీనమైనవాళ్లకు ఆ బేరం గిట్టుబాటు కాదు.

చట్టం కూడా ముసలితనాన్ని మరోలా చూస్తుంది. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ లేదు. 2016 నియమాల ప్రకారం దరఖాస్తుతో పాటు ఒంటికీ మనసుకీ డాక్టరు ధ్రువపత్రం జత చెయ్యాలి. వేళ్లు వణికే మనిషి అక్కడే ఆగిపోవచ్చు. ఆ నియమాల్లోనే ఇంకో ఏర్పాటుంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు చేతిలో ఉన్నా, దాన్ని వారసుడి పేరు మీదికి మార్చడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అమెరికా కంపెనీ ఏ వయసువాళ్ల కోసం పిస్తోలు కనిపెట్టిందో, సరిగ్గా ఆ వయసుకు మన నియమం కొడుక్కి అప్పగించే దారి తెరిచింది. లైసెన్సున్నా ఎన్నికలొస్తే తుపాకీని స్టేషన్లో జమ చేయమంటారు.

కర్రలో కత్తి దాచిన గుప్తిని కూడా ఆయుధ నియమాలు ఆయుధంగానే లెక్కేస్తాయి. ఉత్త కర్రకు ఏ కాగితమూ అక్కర్లేదు. ఆత్మరక్షణ హక్కు వాడుకునేవాడి వయసు చూడదు, భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. మెళ్లో గొలుసు తెంపుకుపోయే బైకువాడి ముందు కర్రా తుపాకీ రెండూ ఆలస్యమే. గొలుసు ఇంట్లో పెట్టి రావడం మేలు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఎల్డర్‌లైన్ నంబరు 14567, పోలీసులకు 112. ఇక కర్ర కొనేటప్పుడు కింద రబ్బరు బుష్షు ఉందో లేదో చూసుకోండి, తడిసిన గుడి బండల మీద జారిపడకుండా ఉండటానికి.